థామస్ హిక్కీ వ్రాసిన ముఖములు

కలలో కనబడిన పురుషుని పేరును ఊరును తెలియక ఉషాకన్య కుమిలిపోవుచుండగా, చెలికత్తె చిత్రలేఖ లోకమందలి రాజకుమారుల రూపముల నెల్ల పటముపై వ్రాసి యొక్కటొక్కటిగా చూపినదట. అనిరుద్ధుని రూపము వచ్చినంతనే ఉష సిగ్గుతో తల వంచుకొన్నది. ఆ కథలో ముఖము ముందు దొరికినది, పేరు వెనుక దొరికినది. ఆ రెంటిని కలిపినది చిత్రకారిణి కుంచె. నేనిప్పుడు చెప్పబోవు చిత్రకారుని విషయమున జరిగినది దీనికి విలోమము. అతడు ముఖములను మనకు మిగిల్చి పోయెను. వానిలో మనకు మిక్కిలి కావలసినవారి పేర్లు మాత్రము జారిపోయినవి.

అతని పేరు థామస్ హిక్కీ. 1741లో ఐర్లండు దేశపు డబ్లిన్ నగరమున పుట్టి, 1824లో చెన్నపట్టణమున చనిపోయెను. ఆంగ్ల చిత్రకళా చరిత్రలలో రెనాల్డ్సునకు, గెయిన్స్‌బరోకు, సర్ థామస్ లారెన్సునకు అధ్యాయములు గలవు. హిక్కీకి దొరకునది నాలుగైదు పంక్తులు. ఇది అన్యాయమని నేననను. అతడు చేయి తిరిగిన పనివాడు, ప్రతిభావంతుడు కాడు. అయినను మనబోటి వారికి లారెన్సుకంటె హిక్కీయే దగ్గరివాడు. నెపోలియనును గెలిచిన రాజుల రూపములను సేనానుల రూపములను లారెన్సు వ్రాసెను. హిక్కీ కుంచె కలకత్తా, వేలూరు, మైసూరు, చెన్నపట్టణములలో తిరిగెను. కడపట నొక తెలుగువాని ముఖమువద్దకు గూడ వచ్చెను.

హిక్కీ తండ్రి డబ్లిన్‌లో మిఠాయిల వర్తకుడు. తమ్ముడు జాన్ శిల్పి యయ్యెను. థామస్ డబ్లిన్ సొసైటీవారి పాఠశాలలో రాబర్టు వెస్టు అను గురువు నొద్ద రేఖాలేఖనము నేర్చి, 1761 మొదలు ఆరేండ్లు ఇటలీలో గడపి, తిరిగివచ్చి లండను రాయల్ అకాడమీ పాఠశాలలో చేరెను. తరువాత ధనికులు జలచికిత్సకై వచ్చు బాత్ నగరమున కొంతకాలము కాపురముండెను.

ఆ కాలపు ఇంగ్లాండులో చిత్రకారునకు అన్నము పెట్టునది రూపచిత్రము, అనగా మనిషిని ఎదుట కూర్చుండబెట్టుకొని వ్రాయు చిత్రము. పురాణగాథలను, యుద్ధములను వ్రాయుట గౌరవము, రూపచిత్రము జీవనోపాధి. దాని వెలయును విచిత్రముగా నుండెడిది. తల భుజములు మాత్రమైన ఒక ధర, నడుము వరకైన మరియొక ధర, నిలువెత్తైన అన్నిటికంటె పెద్ద ధర. వస్త్రమును మూరలతో కొలిచినట్లు మనిషిని కొలిచి యమ్మినారన్నమాట. ఇట్టి విపణిలో మొదటి తరగతి పేరు లేనివానికి నిలదొక్కుకొనుట కష్టము. అందుచేత ఇంగ్లాండులో వెలుగని చిత్రకారులు పలువురు ఈస్టిండియా కంపెనీవారి యనుమతి సంపాదించి హిందూదేశమునకు ఓడ యెక్కిరి. 1769లో చెన్నపట్టణమున దిగిన టిల్లీ కెటిల్ నవాబులను కంపెనీ యుద్యోగులను చిత్రించి ధనవంతుడై తిరిగి వెళ్లినాడన్న వార్త అక్కడివారి నూరించుచుండెను. రాజులు వ్రాయించుకొని సొమ్మీయక పోయిన కథలు గూడ లేకపోలేదు గాని, అవి ఓడ యెక్కువారి చెవి కెక్కవు.

హిక్కీ 1780లో బయలుదేరెను. ఆగస్టు నెలలో ఫ్రెంచివారి, స్పానిషువారి నౌకలు ఆ ఓడల గుంపును దారిలోనే పట్టుకొన్నవి. బందీయై కాడిజ్ రేవునకు చేరిన హిక్కీ, విడుదల దొరికినంతనే పోర్చుగల్లు రాజధాని లిస్బన్‌కు పోయెను. అక్కడ వ్రాయించుకొనువారు దండిగా దొరకుటచే మూడేండ్లు కదలలేదు! 1784లో గాని అతడు కలకత్తా చేరలేదు.

కలకత్తాలో నతనికి విలియం హిక్కీ యను న్యాయవాది మిత్రుడయ్యెను. ఇంటిపేరు ఒకటే గాని బంధుత్వము లేదు. ఈ విలియం వ్రాసికొన్న స్వీయచరిత్ర ఆనాటి ఆంగ్లేయుల భోగములకు, అప్పులకు, తాగుడునకు నిలువుటద్దము. ఆ కాలమున కంపెనీవారు పలువురు హిందూదేశపు స్త్రీలను ఇంట నుంచుకొనెడివారు. వారిని బీబీ లనిరి. విలియం ఇంటనున్న బీబీ పేరు జమ్‌దానీ. 1787లో థామస్ వ్రాసిన యొక హిందూస్త్రీ చిత్రము నేడు డబ్లిన్‌లోని ఐర్లండు జాతీయ చిత్రశాలలో నున్నది. తివాచిపై కూర్చుండి, ఒడలినిండ నగలతో, సన్నని బట్టలతో నున్న యువతి. ఆ చూపులో బెదురు లేదు, నవ్వును లేదు. ఆమెయే జమ్‌దానీ యని సంప్రదాయముగా చెప్పుచున్నారు. చిత్రశాలవారు మాత్రము ఆ పేరునకు ముందు ‘బహుశః’ అను మాట చేర్చిరి. జమ్‌దానీ 1796లో ప్రసవించి మరణించినది. విలియం ఆమెకొరకు నిజముగనే దుఃఖించినట్లు అతని గ్రంథము చెప్పుచున్నది. అయినను ఆ గ్రంథము లేకున్న ఈ ‘బహుశః’ యైనను మిగిలెడిది కాదు. భార్య యైనచో పటము క్రింద ఆమె పేరును, ఆమె తండ్రి పేరును గూడ చెక్కియుందురు.

కలకత్తాలో నున్నపుడే హిక్కీ ప్రాచీన చిత్రకళా శిల్పకళల చరిత్ర నొకదానిని వ్రాయబూని, 1788లో మొదటి సంపుటమును అచ్చు వేయించెను. తాను కేవలము ముఖములు వ్రాయు కూలివాడను కానని, పండితుడనని లోకమునకు తెలుపవలెనను కోరిక ఆ గ్రంథమున కనబడుచున్నది. ఆ కోరిక అతనిని జీవితాంతము వదలలేదు.

1791లో స్వదేశమునకు పోయిన మరుసటి యేట, చీనా చక్రవర్తి యొద్దకు పంపబడిన మకార్ట్నీ ప్రభువు రాయబార వర్గములో హిక్కీకి చిత్రకారుని పదవి దొరకెను. మకార్ట్నీ ఐర్లండువాడు, అంతకుముందు చెన్నపట్టణమునకు గవర్నరుగా నుండినవాడు. ఒక చిత్రకారునకు ఇంతకంటె భాగ్య మేమున్నది? అంతవరకు యూరపువారు అరుదుగా చూచిన దేశము, నదులు, నౌకలు, కోటలు, వేషములు. కాని ఆ రెండేండ్లలో హిక్కీ చేసినది దాదాపు శూన్యము. అతని క్రింద తక్కువ జీతమునకు కుదిరిన విలియం అలెగ్జాండరు అను యువకుడు మాత్రము నిద్రాహారములు మాని వందలకొలది చిత్రములు వ్రాసెను. ఇంగ్లాండు ప్రజలు ఆనాడు చూచిన చీనా అంతయు ఆ యువకుడు చూపినదే. హిక్కీ సోమరియా? నే నట్లనుకొనను. ఎదుట నొక మనిషి కదలక కూర్చుండి, ఆ మనిషి వెనుక కొంత అధికారమో ధనమో యుండిన గాని అతని కుంచె లేచెడిది కాదు. దారిన పోవు పడవవాడు అతనికి చిత్రవస్తువుగా కనబడలేదు.

1798లో అతడు మరల ఓడ యెక్కి చెన్నపట్టణము చేరెను. వర్డ్స్‌వర్తును కోల్‌రిడ్జియు కలసి తమ గేయసంపుటిని ప్రకటించి ఆంగ్లకవిత్వమున కాల్పనిక యుగమునకు తలుపు తెరచినదియు ఆ యేటనే. పల్లెటి బీదవాడు, వెఱ్ఱితల్లి, ముష్టివాడు కావ్యనాయకులగుచున్న సమయమున, ఏబది యేడేండ్ల హిక్కీ చెన్నపట్టణములో గవర్నరుల కొలువును ఆశ్రయించుకొని యుండెను. మరుసటి సంవత్సరము మే నెల 4వ తేదీన శ్రీరంగపట్టణము కూలినది. టిప్పు సుల్తాను చనిపోయెను. హిక్కీకి అదృష్టము పండినట్లయ్యెను. యుద్ధములో పాల్గొన్న ఆంగ్లాధికారుల తలలను సుద్దతోను బొగ్గుతోను ఏబదికి పైగా వ్రాసెను. ముట్టడిని ఏడు మహాచిత్రములుగా వ్రాసెదనని సంకల్పించెను. ఆ యేడింటిలో ఒక్కటియు పూర్తి కాలేదు. కంపెనీవారికి చరిత్ర చిత్రకారుడుగా తన్ను శాశ్వతముగా నియమింపుడని అర్జీ పెట్టుకొనెను, అదియు ఫలింపలేదు.

ఫలించినది రూపచిత్రమే. వేలూరు కోటలో బందీలుగా నుంచబడిన టిప్పు కుమారులను, కొలువువారిని వరుసగా చిత్రించు పని హిక్కీకి దొరకెను. ఆ చిత్రములలో కొన్ని నేడు కలకత్తాలోని విక్టోరియా స్మారక భవనమున నున్నవి. తండ్రిని కోల్పోయి, రాజ్యమును కోల్పోయి, కావలివాండ్ర నడుమ నున్న బాలురు, తమ్ము జయించినవారి గోడలకు అలంకారముగా కూర్చుండినారు. వారి పేర్లు మాత్రము చక్కగా వ్రాసి పెట్టబడినవి. జయించినవానికి ఓడినవాని పేరు కావలెను గదా. పేరు లేనివానిని ఓడించినందున కీర్తి యేమి? టిప్పునకు మంత్రియై, తరువాత మైసూరునకు దివానైన పూర్ణయ్య రూపమును గూడ హిక్కీ ఆ దినములలోనే వ్రాసెను.

ఇక ఒక వింత చిత్రము. సుమారు 1805లో మైసూరున వ్రాయబడినది. ముగ్గురు స్త్రీలు, విలువగల చీరలు, భారమైన నగలు. చాలకాలము దీనిని నాట్యకత్తెల చిత్రమని, వేశ్యల చిత్రమని చెప్పుకొనిరి. కారణ మేమనగా, కులస్త్రీలు, అందును రాజస్త్రీలు, పరదేశి పురుషుని యెదుట కూర్చుండరు గావున వీరు మరియేదో జాతి స్త్రీలై యుండవలె నని ఊహ! పేరు పోయిన స్త్రీకి లోకము మొట్టమొదట నిచ్చు పేరు అదియే యగుట చదువరులు గమనింపవలెను. మన దినములలో నైజెల్ చాన్సలర్ అను చరిత్రకారుడు నగలను పరిశీలించి, ఆనాటి లేఖలతో సరిపోల్చి, వీరు మైసూరు రాణులని నిరూపించెను. 2007లో ఈ పటము లండనులో వేలమునకు వచ్చునప్పటికి వేశ్యలు రాణులైరి.

ఆ నిరూపణము ప్రకారము ఇరువైపుల నున్నవారు బాలరాజు మూడవ కృష్ణరాజ ఒడయరు భార్యలు; ఇద్దరి పేరును దేవజమ్మణియే. నడుమ నున్న యామె రాజునకు అవ్వ యగు లక్ష్మమ్మణి. హైదరాలీ నాటినుండి చెన్నపట్టణపు ఆంగ్లేయులతో రహస్యముగా రాయబారములు నడిపి, మనుమనికి సింహాసనము తిరిగి సంపాదించిన గట్టి స్త్రీ ఆమె. కుడివైపు రాణి తన పైట నించుక తొలగించి ఎడమచేతి పైభాగమును చూపుచున్నది. ఎడమవైపు రాణి ముక్కు క్రిందను నోటి చుట్టును చర్మము పాలిపోయి యున్నది. ఈ రెండు గుర్తులలో నున్నది చిత్రముయొక్క రహస్యము. మశూచికమునకు ఆనాడు రెండు రక్షణలుండెను. రోగి పొక్కుల పొడిని ఆరోగ్యవంతున కెక్కించు పాతపద్ధతి యొకటి. ఆవుల మశూచినుండి తీసిన రసమును చేతికి పొడుచు జెన్నరుగారి క్రొత్తపద్ధతి మరియొకటి. జెన్నరు తన విషయమును ప్రకటించినది 1798లో. హిందూదేశమున మొదటి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో మూడేండ్ల పిల్లకు వేయబడినది. ఒక రాణి పాతపద్ధతికి, మరియొక రాణి క్రొత్తపద్ధతికి సాక్షులుగా కూర్చుండిరని చాన్సలరు వాదము.

ఆనాటి టీకా మందు సీసాలలో వచ్చునది కాదు. ఒకరి చేతి పొక్కులోని రసము నింకొకరి చేతికి పొడువవలెను. ఆ చేయి ఏ కులమువారిదో! మశూచి రోగము కాదు, అమ్మవారు. ఆమెకు వేపాకులు, చల్లనివి సమర్పింపవలెనే కాని కత్తి చూపరాదని ఇంటింట పెద్దలు పట్టుపట్టుచుండగా, రాణివాసపు స్త్రీలు తమ చేయి చూపి, చిత్రమునకు కూర్చుండుట చిన్న సాహసము కాదు. కంపెనీవారికి దీనివలన ప్రచారము సిద్ధించుట నిజమే. ఆ రాణులు పది పండ్రెండేండ్ల పిల్లలగుటయు నిజమే; ఆ నగల బరువు చూచునపుడు నా మనస్సు చివుక్కుమనును. అయినను అంతఃపురము దాటి ఒక సంగతిని లోకమునకు చెప్పవలె నని నడుమ కూర్చుండిన ఆ వృద్ధరాణి తలచియుండుననియే నా నమ్మకము. చిత్రకారునికి ఇదియంతయు తెలిసియే యుండును. తెలిసియు పటము వెనుక మూడు పేర్లు వ్రాయకపోవుటయే నన్ను బాధించుచున్నది.

1802 డిసెంబరులో జార్జి చిన్నరీ యను యువ చిత్రకారుడు చెన్నపట్టణమున దిగెను. అతడు హిక్కీకంటె ముప్పదియేండ్లు చిన్నవాడు, చురుకైనవాడు; గుడిసెలను, పశువులను, కడవలు మోయు స్త్రీలను గూడ కన్నులార చూచి వ్రాయువాడు. అతడు 1807లో బెంగాలునకు తరలిపోవువరకు ముసలి హిక్కీకి పోటీ తప్పలేదు. హిక్కీ మాత్రము చెన్నపట్టణమును విడువలేదు. 1816లో, డెబ్బదియైదవ యేట, అతడు వ్రాసిన చిత్రము కొరకే నేనీ వ్యాసమును మొదలుపెట్టితిని.

కర్నల్ కాలిన్ మెకంజీ పేరు తెలుగు చదువరులకు క్రొత్త కాదు. స్కాట్లండుకు పడమటనున్న లూయిస్ ద్వీపమున పుట్టి, మన గ్రామముల కైఫీయతులను, శాసనములను, తాటాకు గ్రంథములను బండ్లకొలది సేకరించిన మహానుభావుడు. 1815లో అతడు హిందూదేశమంతటికి సర్వేయర్ జనరలుగా నియమింపబడెను. మరుసటి యేట హిక్కీ యెదుట నిలిచెను. ఎఱ్ఱకోటుతో మెకంజీ, వెనుక కొండపై గోమటేశ్వరుని మహావిగ్రహము. ఇంతవరకు మామూలే. కాని ఈ పటములో మెకంజీ ఒంటరిగా లేడు. అతనితోబాటు ముగ్గురు దేశీయులున్నారు. ఒకడు దూరదర్శిని పట్టుకొన్న బంట్రోతు. అతని పేరు కిస్తనాజీ యని చెప్పుదురు. ఒకరి చేత తాటాకు గ్రంథ మున్నది; జైనపండితుడు ధర్మయ్య యని పరిశోధకుల అభిప్రాయము. మూడవవారు కావలి వెంకట లక్ష్మయ్యగారని తలచుచున్నారు.

కావలి సోదరులది ఏలూరు. అన్న వెంకట బొఱ్ఱయ్య ఇరువది దాటిన ప్రాయముననే మెకంజీ కొలువున చేరి, ఊరూర తిరిగి పండితులను, కరణములను మాటలాడించి, మరుగుపడిన లిపులను చదివెను. హిందువుల విద్యల వాకిలి తనకు తెరచినవాడు బొఱ్ఱయ్యయే యని మెకంజీ తానే యొక లేఖలో ఒప్పుకొనెను. మెకంజీకి ఈ దేశభాషలలో తగిన ప్రవేశము లేదు. ఈ సోదరులు చదివి, ఇంగ్లీషున చెప్పినదే అతని కర్థమైన చరిత్ర. బొఱ్ఱయ్య 1803లో చిన్నవయసుననే పోగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నెత్తుకొని, దేశము నలుమూలల తిరుగు సేకర్తల కందరికి పెద్దయయ్యెను. మరియొక తమ్ముడు రామస్వామి దక్షిణదేశ కవుల చరిత్రలను 1829లో ఇంగ్లీషున ప్రకటించెను.

మా పాఠశాలలో సాలు చివర తీయించు ఫోటోలు వరుసగా తగిలించి యున్నవి. ముందు వరుసలో కుర్చీలపై కూర్చుండినవారి పేర్లు క్రింద అచ్చువేసి యుండును. ప్రక్కన గంట పట్టుకొని నిలుచున్న ముసలి బంట్రోతు పేరు ఏ ఫోటో క్రిందను లేదు. ముప్పదియేండ్లు ఆ గంట కొట్టినవాడు! ఆయన పేరు చెప్పగలవారు ఇప్పుడు మాలో ఇద్దరమే మిగిలితిమి. మెకంజీ పటమును పుస్తకములలో చూచినప్పుడెల్ల నాకు ఆ ఫోటోలు జ్ఞప్తికి వచ్చును. అయినను హిక్కీని ఈసారి పూర్తిగా నిందింపను. జీవితమంతయు అధికారమును వెంబడించిన ఆ ముసలివాడు, ఈ ఒక్క పటములో అధికారి యెవరి భుజములపై నిలిచెనో వారిని గూడ చేర్చెను. వారిని తెర ముందరి బొమ్మలుగా వ్రాయలేదు; ఎవరి ముఖము వారిదిగా, ఎవరి యాలోచన వారిదిగా నున్నది. మెకంజీయే అట్లు కోరియుండవచ్చును. కోరినను వ్రాసిన చేయి హిక్కీదే.

మెకంజీ 1821 మే 8న మరణించెను. అతని భార్య ఆ సంగ్రహమును కంపెనీవారికి లక్ష రూపాయల కమ్మెను. లక్ష్మయ్యగారు తన ప్రభువు వదలిన పనిని తానే కొనసాగింతునని, ఆ గ్రంథము లన్నియు తనకు తెలిసినవే యని, ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. ఆ విన్నపము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారి యభిప్రాయమునకు వచ్చినది. అశోకుని బ్రాహ్మీ లిపిని చదువబోవుచున్న జేమ్స్ ప్రిన్సెప్ అంతటివాడు, 1836లో, ఇట్టి పని దేశీయుని చేత కాదని, యూరపువాని పర్యవేక్షణ కావలెనని తేల్చెను. ఆ గ్రంథములను పరిశీలించు పని చెన్నపట్టణపు మిషనరీ విలియం టెయిలరునకు అప్పగింపబడెను. నలువదియేండ్లు ఆ తాటాకుల నడుమ బ్రదికిన మనిషికి దొరకిన జవాబది.

హిక్కీ దానికి ముందే, 1824లో, చెన్నపట్టణముననే కన్ను మూసెను. ఆ యేడు మహాచిత్రములు లేవు. అర్జీ పెట్టుకొన్న పదవి లేదు. ప్రాచీన కళాచరిత్ర రెండవ సంపుటము లేదు. మెకంజీ పటము లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. అందులో దూరదర్శిని బంట్రోతు చేతిలో నున్నది, తాటాకు గ్రంథము పండితుని చేతిలో నున్నది. ఎఱ్ఱకోటు దొర చేతిలో మాత్రము చదువదగిన దేదియు లేదు.